సెలవు ముగిసిన మరునాడు: పలమనేరు పీఠభూమి నేపథ్యంలో తిరిగిరాక చరిత్ర

ఉపోద్ఘాతం

ప్రయాణాన్ని గురించి తెలుగులో విస్తారమైన వాఙ్మయం ఉంది. బయలుదేరడానికి తిథి, వారశూల, శకునం. దారిలో సత్రం, చలిపందిరి. చేరిన చోట స్నానం, దర్శనం, దానం. వీటన్నింటికీ శాస్త్రమూ ఉంది, వర్ణనా ఉంది. తిరిగివచ్చిన మరునాటిని గురించి చెప్పినది మాత్రం తక్కువ. మూటలు ఇంకా విప్పి ఉండవు. ఇల్లు తనదే అయినా కొత్తగా తోస్తుంది. నిన్నటిదాకా తెలియకుండా గడిచిన పొద్దు నేడు ఎంతకూ గుంకదు. చేయవలసిన పని ఎదుట ఉంటుంది, చేయి కదలదు. జబ్బు అనడానికి వీలులేని ఈ స్థితిని జనం దిగులు అంటారు, బెంగ అంటారు. కొన్నాళ్లకు తగ్గిపోయేదే కనుక దీనికి చరిత్ర ఉంటుందని ఎవరూ అనుకోరు.

ఈ దిగులుకు చరిత్ర ఉందని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం. గంగవరం, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాలను కలుపుకొన్న చిత్తూరు పడమటి ఎగువసీమ ఇందుకు తగిన క్షేత్రం. ఒకప్పుడు మద్రాసు దొరలు వేసవి గడపడానికి వచ్చిన చల్లని నేల ఇది. నేడు ఇక్కడి బిడ్డలు బెంగళూరు నుంచీ గల్ఫ్ దేశాల నుంచీ సెలవు మీద వచ్చి పోయే నేల కూడా ఇదే. ఒకే నేల ఒకనాడు సెలవుకు పోయే చోటుగానూ, మరొకనాడు సెలవుకు తిరిగివచ్చే ఇల్లుగానూ ఉండడం వల్ల తిరిగిరాకలోని రెండు ముఖాలూ ఇక్కడ కనిపిస్తాయి. పూర్వపు ప్రయాణాలకు ముగింపు ఒక క్రమంగా ఉండేదనీ, ఉద్యోగపు సెలవు ఆ ముగింపును ఒక తేదీగా కుదించిందనీ, దిగులు బరువెక్కడంలో ఆ కుదింపుకు గణనీయమైన పాత్ర ఉన్నదనీ ఇక్కడి ప్రతిపాదన.

సెలవు, రజా, బెంగ: మాటల సాక్ష్యం

సెలవు అనే మాటకు సి.పి. బ్రౌన్ 1852 నాటి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో అనుమతి, ఆజ్ఞ, వ్యయం అనే అర్థాలు కనిపిస్తాయి. పెద్దలు మాట్లాడితే సెలవిచ్చారంటాం. వెళ్లేవారు సెలవు తీసుకుంటారు. పాత లెక్కల భాషలో ఖర్చు పెట్టడం సెలవు చేయడమే. విశ్రాంతి దినమనే అర్థం వీటి తరువాత బలపడింది. కచేరీలు, పాఠశాలలు పనిదినాలను లెక్కించడం మొదలుపెట్టిన తరువాత, అనుమతి పొంది పనికి రాని దినమే సెలవుదినమైంది. రాయలసీమలో వినిపించే రజా అనే మాట దారి కూడా ఇదే. పొరుగున కన్నడంలో రజె అంటారు. అరబ్బీ మూలంలో దానికి సమ్మతి అని అర్థం.

ఈ రెండు మాటల అడుగునా ఉన్నది పైవారి అనుమతే. సెలవు ఇచ్చేవారు ఒకరున్నారు. ఇచ్చినదాన్ని ఫలానా దినంతో ముగించేవారూ వారే. పండుగకు ఎవరి అనుమతీ అక్కరలేదు. తీర్థయాత్రకు దైవసంకల్పం చాలునని యాత్రికుడు భావిస్తాడు. సెలవు మాత్రం అడిగి తెచ్చుకున్న కాలం. అడిగి తెచ్చుకున్నదాన్ని తిరిగి అప్పగించేటప్పటి చిన్నబోవడం సెలవు తరువాతి దిగులులో మొదటి పాలు.

బెంగ అనే మాట మరొక వైపు చూపిస్తుంది. తల్లికి దూరమైన దూడ బెంగ పెట్టుకుంటుంది. పుట్టిల్లు వదిలిన పిల్ల బెంగటిల్లుతుంది. బెంగతో జ్వరం వస్తుందని ఇళ్లలో పెద్దలు నేటికీ అంటారు. ఐరోపాలో ఇటువంటి స్థితిని 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి బాసెల్ నగరంలో సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో ఒక వ్యాధిగా వర్ణించాడు. గ్రీకులో తిరిగిరాక, నొప్పి అనే అర్థాలు గల రెండు మాటలను కలిపి దానికి నోస్టాల్జియా అని పేరు పెట్టాడు. తిరిగిపోలేనివారి నొప్పికి అతడు పెట్టిన పేరది. తిరిగివచ్చినవారికీ నొప్పి ఉంటుందన్నది ఆ పేరులో ఇమడలేదు. తెలుగు బెంగ ఈ రెంటినీ ఇముడ్చుకుంటుంది. అది దేనినుంచి దూరమయ్యామో దానిమీద ఉండే చూపు. ఆ దూరమైనది ఇల్లు కావచ్చు, ఇల్లు వదిలి పోయిన చోటూ కావచ్చు.

మొగిలి కనుమకు పైన: వేసవి విడిది చరిత్ర

చిత్తూరు మైదానం నుంచి మొగిలి కనుమ ఎక్కితే పలమనేరు పీఠభూమి వస్తుంది. పలమనేరు సముద్రమట్టానికి సుమారు 2,200 అడుగుల ఎత్తున ఉంది. గంగవరం దానిని ఆనుకొని ఉంది. నీలగిరులకు దారి ఏర్పడకముందు మద్రాసులోని ఐరోపావారు ఎండల నుంచి తప్పించుకోవడానికి పలమనేరుకు వచ్చేవారన్న విషయం 1908 నాటి ఇంపీరియల్ గెజిటీర్‌కు ఎక్కింది. 1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివన్ నీలగిరులను చేరిన తరువాత దొరల చూపు ఊటీ వైపు మళ్లింది. పలమనేరు పాత పేరుగా మిగిలింది.

మదనపల్లె వైపు ఇదే కథ కొంత ఆలస్యంగా నడిచింది. ఏనుగుమల్లమ్మ కొండ మీద కడప కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్‌లీ 1870 ప్రాంతంలో వేసవి బంగళా కట్టించాడు. సుమారు 4,100 అడుగుల ఎత్తున్న ఆ కొండకు ఆయన పేరే నిలిచింది. ఏనుగులు పెంచిన మల్లమ్మ అనే పిల్ల కథ స్థానికుల నోట మిగిలింది. పటాల మీదికి హార్స్‌లీ కొండలు ఎక్కాయి. మదనపల్లె అప్పటికి కడప జిల్లాలోనిది, పలమనేరు ఉత్తర ఆర్కాటులోనిది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఈ రెండు వేసవి విడుదులూ ఒకే జిల్లాలోకి వచ్చాయి.

ఈ విడుదుల చరిత్రలో గమనించవలసినది ఎత్తు ఒక్కటే కాదు, దారి కూడా. మద్రాసు నుంచి పలమనేరుకు సుమారు 200 కిలోమీటర్లు. ఎద్దుబండి మజిలీలతో అది వారానికి తక్కువ కాని ప్రయాణం. దిగేటప్పుడూ అంతే. కనుమ దిగిన కొద్దీ గాలి వేడెక్కుతుంది, మజిలీ మజిలీకి మాట మారుతుంది, మద్రాసు దగ్గరపడే కొద్దీ అక్కడి పని గుర్తుకు వస్తుంది. అలసట తప్పకపోయినా మనస్సుకు గడువు దొరికేది. 1856లో మద్రాసు నుంచి వాలాజా రోడ్డు వరకు దక్షిణాదిలో తొలి రైలుమార్గం తెరిచారు. 1864లో జోలార్‌పేట నుంచి కుప్పం మీదుగా బెంగళూరుకు రైలు వచ్చింది. వారం ప్రయాణం ఒక రాత్రికి కుదిరింది. దూరం తగ్గినందుకు అందరూ సంతోషించారు. దూరంతోపాటు పోయిన గడువును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

రైలు కాలాన్ని కుదిస్తే కచేరీ దానికి ముద్ర వేసింది. సర్కారు కొలువులో సెలవు దినాల లెక్క, దాని ముగింపు ఒక సంతకం. ఆ పద్ధతి నేటికీ మారలేదు. ఎర్న్‌డ్ లీవు ముగించుకున్న ఉద్యోగి పూర్వాహ్నమో అపరాహ్నమో పేర్కొని జాయినింగ్ రిపోర్టు ఇస్తాడు. ముందు వెనుకల ఆదివారాలను ప్రిఫిక్స్, సఫిక్స్ అని కలుపుకొంటాడు. మరొక ఊరికి బదిలీ అయిన ఉద్యోగి కొత్త చోట కుదురుకోవడానికి నిబంధనలు జాయినింగ్ టైము ఇస్తాయి. సెలవు నుంచి అదే కుర్చీకి తిరిగివచ్చే ఉద్యోగికి అటువంటి వ్యవధి లేదు. కొత్త చోటికి పోవడం మార్పు అని కచేరీ గుర్తించింది. పాత చోటికి రావడం కూడా మార్పే అన్నది దాని లెక్కలో లేదు.

తిరిగిరాకకు ఉన్న క్రమం

మనిషి ఒక దశ నుంచి మరొక దశకు మారే కర్మకాండలో వియోగం, సంధి, పునఃప్రవేశం అనే మూడు ఘట్టాలుంటాయని ఆర్నాల్డ్ వాన్ జెనెప్ 1909లో ప్రతిపాదించాడు. మూడవదైన పునఃప్రవేశం తెలుగు సంప్రదాయంలో ఎంత శ్రద్ధగా అమరినదో నాలుగు ఉదాహరణల వల్ల తెలుస్తుంది.

మొదటిది కనుమ. కనుమనాడు కాకి కూడా కదలదని సామెత. పండుగకు వచ్చినవారు ఆనాడు ఊరు దాటరాదు. చిత్తూరు పల్లెల్లో ఇది పశువుల పండుగ. అడవి ఆకులు, మూలికలు ఉప్పుతో దంచి ఉప్పుచెక్క తినిపిస్తారు. కొమ్ములకు రంగులు పూస్తారు. సాయంత్రం చిట్లాకుప్ప మంట వేసి పశువులను దాని ముందుకు తోలుతారు. పొలాల్లో పొలి చల్లుతారు. బండి లాగవలసిన ఎద్దుకే పండుగ అయినప్పుడు మనిషికి ప్రయాణం లేదు. ఫలితంగా సంక్రాంతి సంబరానికీ తిరుగు ప్రయాణానికీ నడుమ ఒక ఆగే రోజు కుదిరింది. ఆనాటి ఉత్సవం మనిషి సుఖం చుట్టూ గాక అతని పనిముట్టు, పని తోడు అయిన పశువు చుట్టూ తిరుగుతుంది. పండుగ నుంచి పనిలోకి దారి పశువుల కొట్టం గుండా వేశారన్నమాట. కొండల నడుమ ఒక సీమ నుంచి మరొక సీమకు దాటించే దారినీ తెలుగువారు కనుమ అనే పిలుస్తారు. రెండు మాటలకూ మూలం ఒకటేనని వాదించనక్కరలేదు. ఆ పండుగ చేసే పనిని ఆ దారి కంటికి కట్టిస్తుంది.

రెండవది కాశీయాత్ర. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరాడు. ఆయన రచన కాశీయాత్రా చరిత్ర 1838లో అచ్చయింది. తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరుల మీదుగా పోయినవాడు గయ, కలకత్తా, జగన్నాథాలు చూసుకొని కళింగ తీరం వెంట తిరిగివచ్చాడు. పోయిన దారి వేరు, వచ్చిన దారి వేరు. గయలో చేయవలసిన శ్రాద్ధం, జగన్నాథ దర్శనం తిరుగుదారిలోనే ఉన్నాయి. కనుక కాశీ వదిలిన రోజే యాత్ర అయిపోలేదు. కచేరీ ఉద్యోగి అయిన ఆయన యాత్రను మాత్రం పాత లెక్కలోనే నడిపాడు. దారి పొడవునా చూసినది మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు రాసి పంపుతూ వచ్చాడు. ఇంటికి చేరేనాటికి ఆయన అనుభవానికి అక్కడ ఒక శ్రోత ముందే సిద్ధంగా ఉన్నాడు.

సామాన్య యాత్రికులకు ఆ పని కాశీ సమారాధన చేసిపెట్టింది. ముద్ర వేసిన రాగిచెంబులో గంగ ఇంటికి వస్తుంది. దానికి పూజ చేసి, బంధువులనూ ఇరుగుపొరుగునూ పిలిచి భోజనం పెడతారు. కాశీదారాలు పంచుతారు. సమారాధన జరిగితే గాని యాత్ర పూర్తికాలేదని నమ్మకం. యాత్ర తిరిగివచ్చిన ఇంట్లో ముగియాలన్న ఈ నియమంలో లోతైన వివేకముంది. యాత్రికుడు వచ్చీరాగానే అతనికి ఒక పని ఉంది, ఆ పనికి నలుగురు కావాలి, ఆ నలుగురికీ అతని కథ వినే అవసరం ఉంది. తిరుమల నుంచి తెచ్చిన లడ్డును చిన్న ముక్కలు చేసి వీధిలో పంచడం దీనికే చిన్న రూపం.

మూడవది ఆడపిల్ల తిరుగు ప్రయాణం. తెలుగు ఇళ్లలో ఏడాదికేడాది, తరతరానా జరిగిన తిరిగిరాక ఇదే. ఆషాఢానికో, పండుగకో, పురిటికో పుట్టింటికి వచ్చిన కూతురు అత్తవారింటికి మళ్లేటప్పుడు ఒడి నింపుతారు. సారె పెట్టి పంపుతారు. ఆ సారె అత్తవారి వీధిలో ఇంటింటికీ పంచవలసినది. పళ్లెం పట్టుకొని గడప గడపకూ పోవడంతో ఆమె మళ్లీ ఆ వీధి మనిషి అవుతుంది. పుట్టింటి రుచి ఒంటరిగా తలచుకొని కుమిలే వస్తువు కాకుండా, నలుగురి నోట పడే వస్తువు అవుతుంది.

నాలుగవది జాతర. కుప్పం, పలమనేరులలో తిరుపతి గంగమ్మ జాతరలు, పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర ఈ సీమలో పెద్ద పండుగలు. తిరుపతి జాతరలో చాటింపు వేసిన తరువాత జాతర ముగిసేదాకా ఊరివారు పొలిమేర దాటి రాత్రి గడపరాదని కట్టుబాటు. బైరాగి, తోటి, దొర, మాతంగి వేషాలు రోజుకొకటిగా సాగి, చివర మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం దర్శనమిస్తుంది. అనంతరం ఆ రూపాన్ని విడదీస్తారు. ఆ మట్టి ముక్కలను భక్తులు ప్రసాదంగా ఇంటికి తీసుకుపోతారు. ఈ జాతర మీద జాయిస్ ఫ్లూకిగర్ 2013లో ప్రచురించిన గ్రంథం ఈ ముగింపు తంతును వివరంగా నమోదు చేసింది. ఉత్సవపు పరాకాష్ఠను అందరి ఎదుటా, అందరికీ తెలిసేలా ముగించడం ఇందులో విశేషం. ఉత్సవం ఎప్పుడు అయిపోయిందో ఎవరికీ సందేహం ఉండదు. అయిపోయినదాని తునక ఒకటి చేతిలో ఉంటుంది.

ఈ నాలుగింటిలోనూ సమానంగా కనిపించే అంగాలు నాలుగు: ఒక ఆగే రోజు, మోసుకువచ్చిన ఒక వస్తువు, దానిని పంచుకోవడం, తిరిగివచ్చిన మనిషి కోసం కాచుకొని ఉన్న ఒక పని. దిగులును పోగొట్టడానికే వీటిని ఏర్పరిచారని చెప్పలేం. వీటి ప్రయోజనాలు మతపరమైనవి, బంధుత్వపరమైనవి. అయినా దిగులు ఒంటరిగా పట్టుకోకుండా చేసే బలం వీటికి ఉన్నది.

ఈ క్రమాన్ని బంగారు యుగంగా చూడరాదు. సారె పంచిన కోడలి కన్నీరు ఆగిందని చెప్పే సాక్ష్యం లేదు. ఆమె బెంగను వినవలసినవారికి వినబడకుండా ఆచారం కప్పిపుచ్చిన సందర్భాలూ ఉంటాయి. సమారాధన ఖర్చు, సెలవు అనే మాటకున్న పాత అర్థంలో, ఎన్నో కుటుంబాలకు భారమైంది. భూమి లేని కూలికి యాత్రా లేదు, సెలవూ లేదు. విందు పంక్తిలో ఎవరు కూర్చోవాలన్నది కులం నిర్ణయించింది. క్రమం చేసిన మేలును గుర్తించడం ఎంత అవసరమో, ఆ మేలు అందరికీ అందలేదని గుర్తించడం అంతే అవసరం.

మదనపల్లెలో రెండు విశ్రాంతులు

ఆధునిక కాలంలో విశ్రాంతికీ తిరిగిరాకకూ ఉన్న సంబంధం మదనపల్లె పరిసరాల్లో రెండు విధాల కనిపిస్తుంది.

1919 ప్రారంభంలో దక్షిణదేశంలో ఉపన్యాసాలిస్తూ అలసిన రవీంద్రనాథ ఠాకూరు ఫిబ్రవరి చివరి వారంలో మదనపల్లె చేరాడు. 1915లో స్థాపితమైన అక్కడి బీసెంటు దివ్యజ్ఞాన కళాశాలకు జేమ్స్ కజిన్స్ అధ్యక్షుడు. అక్కడి విశ్రాంతి దినాల్లోనే జనగణమన గీతానికి ఠాకూరు స్వయంగా ఆంగ్లానువాదం చేశాడు. ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా అనే పేరుగల ఆ అనువాదం ఫిబ్రవరి 28 నాటిది. స్వరరచనలో మార్గరెట్ కజిన్స్ సహాయం ఉంది. ఆయన తిరిగిపోయిన కొద్ది వారాలకే ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్ దారుణం జరిగింది. మే నెలాఖరున ఆయన సర్ బిరుదును వదులుకున్నాడు. మదనపల్లె నాటి ప్రశాంతికీ తరువాతి క్షోభకూ నడుమ ఆయన మనఃస్థితిని ఊహించడం చరిత్రకు అవసరం లేదు. ఒక్క విషయం మాత్రం స్పష్టం. విశ్రాంతికి వచ్చినవాడు ఆతిథ్యమిచ్చినవారి చేతిలో ఒక పని ఫలాన్ని పెట్టి వెళ్లాడు. మనిషి వెళ్లిపోయినా ఆ చోటుతో అతని సంబంధం తెగలేదు. కాశీకి పోయినవారు ఇష్టమైనది ఒకటి అక్కడ వదలి వస్తారు. ఉద్దేశాలు వేరైనా, పోయిన చోట తనదైనది ఒకటి నిలిపి రావడం రెంటిలోనూ ఉంది.

రెండవది ఆరోగ్యవరం. మదనపల్లె చెంత క్రైస్తవ మిషన్లు కలిసి నెలకొల్పిన క్షయ చికిత్సాలయం 1915 నుంచి అక్కడ నడిచింది. డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి నాయకుడు. క్షయకు మందులు రాని ఆ కాలంలో పొడిగాలి, పోషణ, నెలల తరబడి విశ్రాంతి – ఇవే చికిత్స. అంత దీర్ఘమైన విశ్రాంతి నుంచి రోగిని ఒక్కసారిగా పనిలోకి తోయరాదని శానటోరియం వైద్యం ఆనాటికే గ్రహించింది. ఇంగ్లండులోని ఫ్రిమ్లీలో మార్కస్ పాటర్సన్ రోగులకు మొదట నడక, తరువాత చిన్న మట్టితట్టలు, ఆ తరువాత పెద్ద తట్టలు, చివరకు పలుగు పార పని అప్పగించి, మెట్టు మెట్టుగా శ్రమకు అలవాటు చేసిన పద్ధతి ప్రసిద్ధమైంది. విశ్రాంతికి మోతాదు ఉన్నట్లే తిరిగిరాకకూ మోతాదు ఉందన్న ఈ గ్రహింపు శరీర విషయంలో కలిగింది. మనస్సు విషయంలో అదే గ్రహింపు చాలా ఆలస్యంగా వచ్చింది.

తలకిందులైన సెలవు

దొరల సెలవు ఇల్లు వదిలి పోవడం. పలమనేరు, గంగవరం పల్లెలవారి సెలవు ఇంటికి రావడం. ఈ తలకిందులు కోలారు బంగారు గనులతో మొదలైంది. 1880 తరువాత జాన్ టేలర్ కంపెనీ ఆ గనులను పెద్దఎత్తున తవ్వించినప్పుడు ఉత్తర ఆర్కాటు, చిత్తూరు సీమల నుంచి కూలీలు అక్కడికి చేరారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటికే వలసదారి బెంగళూరుకు మళ్లింది. నేడు కుప్పం రైలు, పలమనేరు బస్సు ఆ దారినే నడుస్తున్నాయి. మదనపల్లె, రాయచోటి, కడప ప్రాంతాల నుంచి కువైటు మొదలైన దేశాలకు పోయినవారి సెలవు మరింత కఠినం. ఏళ్ల పనికి నెలల సెలవు, దాని రెండు కొసలకూ విమానం టికెట్టు.

వీరి విషయంలో దిగులు స్వభావమే మారుతుంది. విహారం నుంచి ఇంటికి వచ్చినవారు సుఖాన్ని కోల్పోతారు. ఇల్లు మిగిలే ఉంటుంది. ఇంటి నుంచి పనిచోటికి తిరిగిపోయినవారు మనుషులనూ కోల్పోతారు, మనుషుల నడుమ తమకున్న పేరునూ కోల్పోతారు. జాతరలో ఫలానావారి కొడుకుగా, పెదనాన్నగా, మేనమామగా నిలిచినవాడు మర్నాడు గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించి లోపలికి పోవలసిన మనిషి అవుతాడు. సెలవు ముగియడమంటే ఇక్కడ ఒక బంధుత్వ వరస ముగియడం. మూడు గంటల బస్సు ప్రయాణం ఈ మార్పుకు చాలినంత గడువు కాదు.

వీరు తమంత తాము చేసుకున్న ఏర్పాటు గమనించదగినది. బెంగళూరుకు మళ్లేవారి సంచుల్లో ఊరగాయ, చెనక్కాయలు, రాగిపిండి ఉంటాయి. గదిలో ఉన్నవారు ఊరి సంచి విప్పేదాకా నిద్రపోరు. పంచిపెట్టడంతో మొదటి రాత్రి గడుస్తుంది. ఇది సారెయే, పేరు పోయింది, పని మిగిలింది. ఊళ్లో ఉండిపోయినవారికి మరొక ఆసరా ఉంది. ఈ సీమలో పాడి, పట్టుపురుగుల పెంపకం ఇంటింటి వ్యాపకాలు. జాతర నుంచి ఎంత పొద్దుపోయి వచ్చినా ఆవుకు పాలు పిండవలసిందే, పురుగుకు మల్బరీ ఆకు వేయవలసిందే. ఆ పని సుఖమైనది కాదు. అయితే తిరిగివచ్చిన మనిషి కోసం ఒక ప్రాణి ఎదురుచూస్తున్నదన్నది నిజం.

నేటి పరిశోధన, నాటి క్రమం

సెలవు ఫలితం త్వరగా కరిగిపోతుందన్నది ఇటీవలి మానసికశాస్త్ర పరిశోధన తేల్చిన విషయం. యెసికా డి బ్లూమ్, ఆమె సహచరులు 2009లో అంతకుముందరి అధ్యయనాలను సమీక్షించి, సెలవు ఆరోగ్యానికీ ఉల్లాసానికీ మేలు చేస్తుందనీ, పనిలో చేరిన కొద్దికాలానికే ఆ మేలు మాసిపోతుందనీ నిర్ధారించారు. యెరూన్ నావైన్ బృందం 2010లో నెదర్లాండ్సులో 1,530 మందిని పరిశీలించింది; వారిలో 974 మంది సెలవుకు వెళ్లివచ్చినవారు. వెళ్లబోయేవారు ముందునుంచే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. వచ్చిన తరువాత మాత్రం, అత్యంత ప్రశాంతంగా సెలవు గడిపినవారిని మినహాయిస్తే, వెళ్లివచ్చినవారికీ వెళ్లనివారికీ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

ఈ ఫలితాలను చరిత్ర వెలుగులో చదివితే ఒక సంగతి బోధపడుతుంది. ఎదురుచూపులో ఉన్న సంతోషాన్ని పూర్వపు క్రమం తిరిగిరాక అవతలికి కూడా విస్తరించింది. కాశీ నుంచి వచ్చేవారికి సమారాధన ఇంకా ముందుంది. సంక్రాంతి ముగిసినా కనుమ ముందుంది. తిరిగివచ్చిన తరువాత కూడా ఎదురుచూడవలసినది ఒకటి మిగిలి ఉండడం, ఉన్నట్టుండి ఖాళీ అయిన భావాన్ని తగ్గిస్తుంది. ఉద్యోగపు సెలవులో ఎదురుచూడవలసినవన్నీ బయలుదేరే రోజుకు ముందే ఖర్చయిపోతాయి.

ఇందులో ఆచరణకు వచ్చే అంశాలు ఉన్నాయి. సెలవు చివరి దినాన్ని ప్రయాణంలోనే కరిగించక, ఇంటి దగ్గర ఒక కనుమను నిలుపుకోవచ్చు. మొదటి రోజే భారమైన పని తలకెత్తుకోక, శానటోరియం రోగి వలె చిన్న తట్టతో మొదలుపెట్టవచ్చు. తెచ్చినది పంచవచ్చు; వస్తువు లేకపోతే చూసినది చెప్పవచ్చు, మిత్రునికి రాయవచ్చు. సంస్థలు చేయగలిగినది ఇంతకంటే ఎక్కువ. దీర్ఘమైన సెలవు నుంచి వచ్చిన ఉద్యోగికి తొలిరోజు కుదురుకునే వ్యవధి ఇవ్వడం పెద్ద వ్యయం కాదు. ఒక హెచ్చరిక కూడా అవసరం. సెలవు తరువాతి దిగులు సాధారణంగా రోజుల్లో తగ్గుతుంది. రెండు వారాలు దాటినా మనస్సు తేరుకోక, నిద్ర, ఆకలి చెడి, దేనిమీదా ఆసక్తి లేకపోతే అది బెంగ పరిధిని దాటినట్లు. అటువంటి స్థితికి ఆచారం చాలదు, వైద్యుని సహాయం కావాలి. బెంగే కదా అని పెద్దలు తేలికగా తీసివేసిన కోడళ్ల చరిత్ర ఈ హెచ్చరికను మరింత అవసరం చేస్తుంది.

ముగింపు

పలమనేరు పీఠభూమి చరిత్రలో సెలవు మూడు రూపాలు ధరించింది. దొరలకు అది చల్లని గాలి, సామాన్యులకు పండుగ లేదా యాత్ర, వలసపోయినవారికి ఇల్లు. మూడింటిలోనూ బయలుదేరడాన్ని సమాజం చక్కగా ఏర్పాటు చేసింది. తిరిగిరాకను ఏర్పాటు చేసినది పండుగ, యాత్ర, పుట్టింటి రాకపోకలు మాత్రమే. కచేరీ సెలవు ఆ ఏర్పాటును వదిలివేసి, దాని బరువును ఒక్కొక్క మనిషి మీద విడివిడిగా మోపింది. అందువల్ల సెలవు ముగిసిన మరునాటి దిగులును సోమరితనమనో, కృతజ్ఞత లేకపోవడమనో తప్పుపట్టడం సరికాదు. మొగిలి కనుమ ఎక్కినా దిగినా కొంత దూరం బండి నెమ్మదిగానే నడవాలి. మనస్సుకూ ఆ కొంత దూరం కావాలి. తెలుగువారు పూర్వం దానికి పేరు పెట్టి, పంచాంగంలో చోటిచ్చి, ఆనాడు కాకిని కూడా కదలవద్దన్నారు.